ఎడమ చీలమండ

ముందు ఎడమది.
ఎప్పుడూ ఎడమ కాలే ముందు చాపుతాడు
బల్ల మీంచి నా ఒళ్ళోకి,
అలిగిన పిల్లాణ్ణి అప్పగించినట్టు.

పంతొమ్మిదేళ్ళుగా ఈ పాదం నాకు తెలుసు.
పానెవెజీస్‌లో మడత పడ్డ చోటు,
కౌనాస్‌లో ఎముక చిట్లిన చోటు,
తెల్లటి టేపు కింద ఇప్పుడు
పక్కపక్కనే పడుకుంటాయి
దెబ్బలాడి దెబ్బలాడి అలిసిపోయిన తోడికోడళ్ళలా.

"ఎలా ఉంది, రిమ్విదాస్?"
"ఉంది."
అంతకు మించి నేనూ అడగను.

బయట మైనస్ పద్దెనిమిది.
ఉతెనా సరస్సు మీద మంచుకి చిల్లులు పొడిచి
ముసలాళ్ళు చేపల కోసం కూర్చున్నారు.
పోయిన వారం పేపరు వీణ్ణి కూడా
వాళ్ళ సరసన కూర్చోబెట్టింది:
నలభై ఒకటి, ఇక చాలు, అని.
ఆ పేజీ చింపి ఉండచుట్టి
తడి ఆరడానికి బూట్లలో కుక్కుకున్నాడు.

మడమ కిందనుంచి పైకి, అడ్డంగా, మళ్ళీ కిందికి.
నా వేళ్ళకీ ఇప్పుడు వాతం.
ఆ సంగతి వాడికి తెలుసు,
టేపు చివర తనే చింపి ఇస్తాడు.

హాలు నిండిపోయింది.
తడిసిన ఉన్ని కోట్ల వాసన, వేయించిన రై రొట్టె, వెల్లుల్లి.
అవతలి జట్టులో కయూస్ అని ఒక కుర్రాడు,
వీడు మొదటి మ్యాచ్ ఆడిన నాటికి పుట్టనే లేదు.
ఎగిరాడంటే
కిందికి దిగాలన్న సంగతి కాసేపు మర్చిపోతాడు.

మావాడు ఎగరడు.
వీడి మోకాలి ఎక్స్‌రే చూసిన డాక్టరు
ఫిల్ము తలకిందులుగా పట్టుకున్నాననుకున్నాడు.
ఎగరడం మానేసి ఆరేళ్ళయింది.
బంతి ఎక్కడికి వస్తుందో ముందే అక్కడికి నడిచి వెళ్ళి
బస్సు కోసం నిలబడ్డ మనిషిలా ఉంటాడు.
బస్సు వస్తుంది.
మణికట్టు ఒక్కసారి వంగుతుంది, అంతే.
వలకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇరవై మూడు పాయింట్లు.
పక్క బెంచీ మీద మా దోవిలె లెక్క రాస్తూ
పెన్సిలు కొరుకుతోంది.

ఆఖరి పదకొండు సెకన్లు. ఒక్క పాయింటు ఆధిక్యం మాది.
కయూస్ బంతి పట్టుకుని వస్తున్నాడు,
వాడు వస్తుంటే నేల వాలుగా ఉన్నట్టనిపిస్తుంది.
మా కుర్రాళ్ళిద్దరు చేతులు చాచి గాలిని పట్టుకున్నారు.
అప్పుడు రిమ్విదాస్ ఏమీ చెయ్యలేదు.
రెండు పాదాలూ నేలకానించి, చేతులు రొమ్ముకి దగ్గరగా ముడిచి,
నిలబడ్డాడు.

కదలకుండా ఉండడం
ఎవరూ చప్పట్లు కొట్టని విద్య.
దానికి పట్టిన ఏళ్ళు నాకు టేపు చుట్టల్లో తెలుసు.

ఢీ.
తొంభై ఏడు కిలోల మనిషి వెల్లకిలా జారిపోయిన చప్పుడు,
ఈల,
రిఫరీ పిడికిలి తల వెనక్కి పోయింది.
ఫౌల్ కుర్రాడిది, బంతి మాది.
రెండువేల మంది ఒకేసారి లేచారు.
నేను మాత్రం ఎడమ పాదం చూస్తున్నాను.
బొటనవేలు ఆడిస్తున్నాడు. ఆడుతోంది.

తరవాత మెట్లు వెనక్కి తిరిగి దిగాడు,
రెయిలింగు పట్టుకుని, ఒక్కొక్కటే,
పడవలోంచి దిగేవాడిలా.
ఎవరూ చూడని ఆ పద్నాలుగు మెట్లే
వాడి అసలైన మ్యాచ్.

కయూస్ మా గది గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాకుండా.
"ఎడమకే వస్తానని ఎలా తెలిసింది?"
"ఎడమకి వెళ్ళే ముందు నీ బూటు చూసుకుంటావు."
కాసేపాగి,
"మానుకో," అన్నాడు.
కుర్రాడు తలూపి, కిందికి, తన బూటు వైపే చూసి,
సిగ్గుపడి వెళ్ళిపోయాడు.

శత్రువుకి చెప్తావా, అన్నాను.
నవ్వలేదు. ఐసు బకెట్లో కాలు పెట్టి
పళ్ళు బిగించి కళ్ళు మూసుకున్నాడు.
టేపు కోస్తుంటే నాలుగు వెంట్రుకలు ఊడి వచ్చాయి,
రెండు తెల్లవి.
చూపించకుండా డబ్బాలో వేశాను.

చాలాసేపటికి, కళ్ళు తెరవకుండానే అడిగాడు:
"శనివారం బస్సెన్నింటికి, దంగ్వొలె?"